కారేదే కారు

"ఏమండీ, వంటింట్లో కొళాయి కారుతోంది."

2019 అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున మా ఆవిడ ఈ మాట అందిట. అనలేదని నేను అనలేను. ఎందుకంటే ఆ వాక్యంలో రెండక్షరాలు నాకు ఖంగుమని వినిపించాయి: 'కారు'. దాని ముందున్న కొళాయి, వెనకున్న 'తోంది' ఎప్పట్లాగే ఓ చెవిలో దూరి ఇంకో చెవిలోంచి వెళ్లిపోయాయి. ఆ క్షణాన నా చేతిలో ఫోనుంది. ఫోనులో ఒక అమ్మకం ప్రకటన ఉంది. ప్రకటనలో చిన్నది, ఎర్రది, టాపు లేనిది ఒక కారు బొమ్మ ఉంది. ఇల్లాలు నోరు తెరిచి కారు అన్నాక కొనకపోతే ఏం మర్యాద?

మా పెళ్లయి ఇరవై రెండేళ్లు దాటింది. ఇన్నేళ్లలో ఆవిడ నా మీద మోపిన నేరం ఒక్కటే: "మీరు వినరు." నేనేమో "విన్నానుగా" అని ఇన్నేళ్లూ వాదించుకుంటూ వచ్చాను. ఇప్పుడు రాస్తున్నది ఆ కేసులో నా నేరాంగీకార పత్రం.

కారు పేరు ఎంజీ మిడ్జెట్. 1973 మోడలు. మేముండేది ఇంగ్లండులో రెడింగ్ అనే ఊళ్లో. అక్కడికి పాతిక మైళ్ల అవతల అబింగ్డన్‌లో 1961 నుంచి 1979 దాకా ఈ మిడ్జెట్లు తయారయ్యాయి. మూడున్నర మీటర్ల పొడుగు, ఇద్దరికే చోటు. బరువులో బాగా మేపిన ముర్రా దున్నతో సరితూగుతుంది. ఇంజిను 1275 సీసీ, 65 గుర్రాల బలం అన్నారు. నేను కొనేనాటికి ఆ గుర్రాలన్నీ పడుకుని పదకొండేళ్లయింది.

మా ఆవిడకి చెప్పేముందు వాదన సిద్ధం చేసుకున్నాను. "ఈ దేశంలో నలభై ఏళ్లు దాటిన బండికి రోడ్డు పన్ను లేదు తెలుసా? 2018 నుంచి ఏటా చేయించే తనిఖీ కూడా అక్కర్లేదు."

"మీకూ నలభై దాటిందిగా," అంది ఆవిడ. "అందుకేనా మిమ్మల్ని కూడా ఎవరూ తనిఖీ చెయ్యడం లేదు?"

బెజవాడలో ఉన్న మా నాన్నకి ఫోన్ చేశాను.

"ఎంత పెట్టావురా?"

"రెండు వేల ఐదొందలు నాన్నా." పౌండ్లని చెప్పలేదు. ఆయన అడగలేదు కనక.

"ఆ డబ్బుకి సైకిలే రాదు కదరా. ఏం కారు?"

"ఎంజీ."

"ఓహో! ఎదురింటివాళ్లు కూడా ఈమధ్యే ఎంజీ కొన్నారు. హెక్టరట. 'తెరుచుకో' అని ఇంగ్లీషులో చెబితే పైకప్పు దానంతటదే తెరుచుకుంటోంది. నీదానికి కూడా తెరుచుకుంటుందా?"

"నాదానికి మూసుకోదు నాన్నా."

కాసేపు ఏమీ వినపడలేదు. ఎంజీ అంటే ఆక్స్‌ఫర్డులో మోరిస్ గ్యారేజెస్ అనే ఓ పాత షెడ్డు పేరని, ఇప్పుడా పేరు చైనావాళ్ల చేతిలో ఉందని, నాది అసలు సిసలు అబింగ్డన్ సరుకని నేను వివరిస్తూనే ఉన్నాను. ఆయన వినలేదు. ఈ గుణం నాకెక్కణ్నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. చివరికి ఒక్క మాట అన్నాడు: "టాపు లేని బండిలో మన వంశంలో ఎవరైనా ఒక్కసారే వెళ్తార్రా. అదీ పడుకుని."

కారు ట్రైలరు మీద వచ్చింది. దించగానే స్క్రూడ్రైవరుతో తలుపు కింద అలా పొడిచి చూశాను. అప్పడంలో వేలు దిగినట్టు దిగింది. ఇక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పులో ఊరి మామిడికాయ ఆవకాయవుతుంది, ఇనుము తుప్పవుతుంది. నా కారు బయటికి ఎర్రగా కనిపించింది నిజమే కానీ అందులో రంగెంతో, తుప్పెంతో విడదీసి చెప్పడం కష్టం.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పాలి. అంబాసిడర్‌కి ఉన్నట్టు మిడ్జెట్‌కి నెత్తిన ఇనప గొడుగు లేదు. విడిగా చాసీ కూడా లేదు. అందుకని రెండు తలుపుల కింద పొడుగ్గా పెట్టెల్లా ఉండే భాగాలే (ఇక్కడివాళ్లు వాటిని సిల్స్ అంటారు) బండి బరువంతా మోస్తాయి. అవే దాని వెన్నెముక. అవి తుప్పుపడితే కోసి కొత్తవి అతకాలి. కోసేముందు తలుపు సందుల్లో అడ్డంగా ఇనప కడ్డీలు బిగించి, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. రిపేరు పుస్తకంలో ఈ సంగతి నాలుగో పేజీలో ఉంది. నేను మూడో పేజీ దాకా చదివి, రెండు పక్కలా కోసేశాను.

ముందు ఏమీ కాలేదు. తరవాత బండి, కడుపునిండా తిని మంచమెక్కిన మనిషిలా, నడుము దగ్గర మెల్లిగా కిందికి జారింది. తెరిచి ఉన్న తలుపు మళ్లీ మూసుకోలేదు. మూసి ఉన్న తలుపు మళ్లీ తెరుచుకోలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఏమిటో చిన్నప్పుడు తెలుగు మాస్టారు చెబితే సరిగ్గా అర్థం కాలేదు. పక్కింటి ఇంగ్లీషు పెద్దాయన గోడ మీంచి చూసి, టీ కప్పు కింద పెట్టి, "ఓ డియర్" అన్నాడు. ఆ జాతి ఓడ మునిగినా అంతకంటే గట్టిగా అనదు. చివరికి దాన్ని సాపు చేసి పెట్టిన వెల్డరుకి ఇచ్చింది కారు ఖరీదు కంటే ఎక్కువ. అప్పుడే నేను మూడు లెక్కల పుస్తకాలు మొదలుపెట్టాను: మా ఆవిడకి ఒకటి, నాన్నకి ఒకటి, గ్యారేజీలో పెయింటు డబ్బాల వెనక అసలుది ఒకటి.

తరవాతి గండం పానాలు. నా దగ్గర ఉన్నవన్నీ మిల్లీమీటర్లవి. కారుకున్న బోల్టులన్నీ అంగుళాలవి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 పానా పెడితే పట్టినట్టే ఉంటుంది, తిప్పితే జారుతుంది. "0.3 మిల్లీమీటర్లు ఓ తేడానా, సర్దుకుపోదాం" అనుకున్నాను. సంసారంలో నడిచే సూత్రం బోల్టు దగ్గర నడవలేదు. వరసగా ఏడు బోల్టుల తలకాయలు గుండ్రంగా అరిగి, నున్నటి గుళ్లయ్యాయి. ఎనిమిదోదానికి నాకు కోపం వచ్చింది. తప్పు నాదే కాబట్టి కోపం పానాల మీద చూపించాను. 8 నుంచి 19 దాకా మొత్తం సెట్టు తీసుకెళ్లి చారిటీ షాపుకిచ్చే పాత బట్టల సంచీలో పడేసి, అంగుళాల సెట్టు కొత్తది కొన్నాను. (మూడో పుస్తకం, పేజీ పద్నాలుగు.)

భాష కూడా అడ్డం వచ్చింది. విడిభాగాల కొట్టులో "స్టెప్నీ పెట్టే చోట వేసే రబ్బరు మ్యాట్ ఉందా" అని అడిగితే కుర్రాడు తెల్లమొహం వేశాడు. స్టెప్నీ మాట పుట్టింది ఈ దీవి లోనే. వేల్స్‌లో లనెల్లీ అనే ఊళ్లో స్టెప్నీ వీధిలోని ఒక దుకాణం 1904 ప్రాంతంలో అదనపు చక్రం తయారుచేసి ఆ పేరు పెట్టింది. కన్నవాళ్లు మరిచిపోయిన బిడ్డని మన ఆటో డ్రైవర్లు ఇన్నేళ్లుగా సాకుతున్నారు. ఇదంతా ఆ కుర్రాడికి చెప్పాను. అతను ఓపిగ్గా విని, "చక్రమా, మ్యాటా, ఏది కావాలి?" అన్నాడు.

ఇంజిను విప్పాక వచ్చిన చిక్కు ఇంకోటి. వాల్వులు ఎనిమిది, టాపెట్లు ఎనిమిది. ఏ చోటునుంచి తీసినదాన్ని అక్కడే పెట్టాలి, వరస తప్పకూడదు. పదహారు చిన్న గుంటలున్న పళ్లెం ఎక్కడ దొరుకుతుందా అని ఇల్లంతా వెతికాను. తెలుగువాడి వంటింట్లో అది కనబడకపోవడమేం? నాలుగు రేకులు, రేకుకి నాలుగు గుంటలు. దేవుడు ఇడ్లీ పాత్రని నాలుగు సిలిండర్ల ఇంజిను కోసమే చేశాడు. కిరసనాయిలుతో కడిగి, ఒక్కోదాన్నీ ఒక్కో గుంటలో పెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయి, పని కాగానే రేకులు తోమి యథాస్థానంలో పెట్టాను. ఆదివారం ఇడ్లీ మొదటి ముక్క నోట్లో పెట్టుకుని మా ఆవిడ ఆగిపోయింది. నావైపు చూసింది. ఆ చూపు వినడానికి చెవులు అక్కర్లేదు.

గ్యారేజీలో చెమ్మ. అంచేత సామాను మెల్లిగా ఇంట్లోకి వలస వచ్చింది. మెట్ల కింద సీట్లు, హాల్లో హెడ్‌లైట్లు. రెండు కార్బురేటర్లని మాత్రం హాల్లో వీణ పక్కన పాత తువ్వాలు పరిచి పెట్టాను. అది నూజివీడులో పనస కర్రతో చేయించిన వీణ. మా ఆవిడ బెజవాడ సంగీత కళాశాలలో నేర్చుకునే రోజుల్లో వాళ్ల నాన్న కొనిచ్చాడు. సీటు టిక్కెట్టు కొన్నంత డబ్బు పోసి విమానంలో తెచ్చుకున్నాం. ఆవిడ రోజూ సాయంత్రం శ్రుతి చేసుకునే చోట నేను పెట్రోలు వాసన పెట్టాను. ఆవిడ ఏమీ అనలేదు. వీణని మేడమీది గదిలోకి తీసుకెళ్లింది. ఏమీ అనకపోవడం కూడా ఒక మాటేనని, దాన్నీ వినాలని నాకు అప్పుడు తట్టలేదు.

రెండేళ్లు గడిచాయి. 2022 వేసవికి ఇంజిను బిగించి, సెల్ఫ్ కొట్టాను. దగ్గింది. ఇంకా కొట్టాను. నల్లటి పొగ కక్కి, తడబడుతూ లేచింది. లేచింది కానీ, లోపల ఎవరో గరిటెతో గిన్నె మీద కొడుతున్న చప్పుడు.

బెజవాడ ఆటోనగర్లో మా నాన్న అంబాసిడర్‌ని పాతికేళ్లు కనిపెట్టుకున్న మేస్త్రీ ఉన్నాడు. డెబ్బై దాటాయి. షెడ్డు కొడుక్కి అప్పగించి, స్టూలు మీద కూర్చుని వచ్చేపోయే బండ్ల చప్పుడు వింటుంటాడు. ఆయనకి వీడియో కాల్ చేశాను.

"బాబూ, బొమ్మతో నాకు పనిలేదు. ఫోను బానెట్ మీద పెట్టి మీరు కాసేపు మాట్లాడకండి."

మాట్లాడకుండా ఉండటం నాకు కష్టమే. అయినా ఉన్నాను.

"టాపెట్లు బాబూ. వెనకవైపు రెండు వదులుగా ఉన్నాయి. ఎంత పెట్టారు?"

పుస్తకంలో ఉన్నంతే పెట్టానని, అంగుళంలో వెయ్యోవంతులు పన్నెండు అని చెప్పాను.

"పన్నెండు థౌ సరే. ఏ వాల్వు ఎక్కడున్నప్పుడు పెట్టారు?"

దాని సంగతి నేను చదవలేదు. ఆయన నిట్టూర్చాడు. "తొమ్మిదో లెక్క బాబూ. ఎనిమిదోది పూర్తిగా కిందికి నొక్కుకుని ఉన్నప్పుడు ఒకటోది చూడాలి. ఏడోది నొక్కుకున్నప్పుడు రెండోది. ఆరుకి మూడు. రెండూ కలిపితే తొమ్మిది రావాలి. నాన్నగారి అంబాసిడర్‌కీ ఇదే లెక్క. అది అన్న, ఇది తమ్ముడు."

నిజమే. అంబాసిడర్ ఈ ఆక్స్‌ఫర్డులోనే పుట్టిన మోరిస్ బండి. దాని పాత ఇంజిను బి-సిరీస్, నాది ఎ-సిరీస్. ఒకే ఇంటి పిల్లలు. నలభై ఏళ్లు ఆటోనగర్లో అన్న నాడి చూసినవాడికి ఐదువేల మైళ్ల అవతల తమ్ముడి దగ్గు తెలిసిపోయింది. నాకు మాత్రం పుస్తకం ఎదురుగా ఉన్నా తెలియలేదు.

"మీరు చదివి చేస్తున్నారు బాబూ," అన్నాడు ఫోను పెట్టేస్తూ. "బండి చదువుకోలేదు."

లెక్క ప్రకారం పెట్టాను. గరిటె చప్పుడు ఆగింది. ఇక మిగిలింది కార్బురేటర్లు.

వాటిని ఎస్‌యూ అంటారు. స్కిన్నర్స్ యూనియన్ అన్న పేరుకి అది పొట్టిరూపం. స్కిన్నర్లది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం, మొట్టమొదటి ఎస్‌యూలో తోలు తిత్తి ఉండేదిట. నా కారుకి ఇవి రెండు, ఒక్కోటి రెండేసి సిలిండర్లకి ఊపిరి పోస్తుంది. రెండూ సరిసమానంగా గాలి పీల్చాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పీలిస్తే ఇంజిను కుంటుతుంది. సమానమో కాదో చూడటానికి పద్ధతి చాలా పాతది: ఒక రబ్బరు గొట్టం తీసుకుని, ఒక కొన చెవిలో, ఒక కొన కార్బురేటరు మూతి దగ్గర పెట్టి వినడం. రెండింటి బుస ఒకేలా ఉండేదాకా మర తిప్పడం.

నేను విన్నాను. ఎడమది 'స్స్స్' అంది. కుడిది 'స్స్స్' అంది. సమానమే అనుకున్నాను. ఇంజిను కుంటింది. మర తిప్పాను. ఎడమది 'స్స్స్' అంది, కుడిదీ 'స్స్స్' అంది. ఇంజిను ఇంకా కుంటింది. మూడు వారాలు ఇదే వరస. కొత్త సూదులు, కొత్త జెట్లు, కొత్త రబ్బరు గొట్టం కొన్నాను. కొత్త చెవులు దొరికే కొట్టు మాత్రం కనబడలేదు.

ఒక శనివారం మా ఆవిడ గ్యారేజీలోకి వచ్చింది. "ఎన్నాళ్లండీ ఈ అపశ్రుతి? మేడమీద వీణ శ్రుతి కలవడం లేదు. కింద మీరిద్దరూ ఒక గొంతుకి రావడం లేదు."

"ఇద్దరమా?"

"ఆ రెండు. ఒకటి బరువుగా ఉంది, ఇంకోటి సన్నగా ఉంది. వినిపించడం లేదూ?"

వినిపించడం లేదు. గొట్టం ఆవిడ చేతికిచ్చాను. చీర కొంగు దోపుకుని, కళ్లు మూసుకుని, ఒకసారి ఇటు, ఒకసారి అటు పెట్టుకుంది. "ఎడమవైపుది తిప్పండి... అటు కాదు... ఆఁ, మెల్లిగా... కొంచెం దాటిపోయారు, వెనక్కి రండి... ఆపండి!" ఆపాను. "ఇప్పుడు కుడిది పావు వంతు." తిప్పాను. నా కాళ్ల కింద గచ్చు వణకడం ఆగిపోయింది. మూడేళ్లుగా ఏడుస్తూ, దగ్గుతూ, అలుగుతూ ఉన్న ఇంజిను, ఉయ్యాల్లో పిల్లాడిలా ఒకే లయలో గుర్రుపెట్టింది. చిక్కదనం పరీక్ష కూడా చేశాం. కార్బురేటరు పిస్టన్ని వెంట్రుకవాసి పైకి లేపితే చప్పుడు పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైనట్టు, పడిపోతే తక్కువైనట్టు, లేచీ లేవనట్టు లేచి సర్దుకుంటే సరిపోయినట్టు. లేచి సర్దుకుంది.

అంతా కలిపి పదకొండు నిమిషాలు. పక్కింటి పెద్దాయన గోడ మీంచి తల పెట్టి, "ఆఖరికి సాధించావన్నమాట!" అన్నాడు నాతో. "థాంక్యూ" అన్నాను. ఈ పత్రంలో అసలు నేరం అదే. తక్కినవన్నీ తుప్పు.

నవంబరులో వినైల్ టాపు బిగించాను. చలికి వినైల్ ముడుచుకుంటుంది, ఎండ రోజున బిగించాలిట. ఎండ కోసం ఆగకుండా మా ఆవిడ హెయిర్ డ్రయ్యరు వాడాను. టాపూ సరిగ్గా కూచోలేదు, డ్రయ్యరూ మళ్లీ పని చెయ్యలేదు. (మూడో పుస్తకం, ఆఖరి పేజీ.)

2023 జులైలో ఇద్దరం తొలి ప్రయాణం అబింగ్డన్‌కి కట్టాం. పుట్టింటికి తీసుకెళ్లాలిగా. ఆ పుట్టిల్లు 1980లోనే మూతపడింది. ఆ ఊళ్లో ఇంకా ఉన్నది ఎంజీ కార్ క్లబ్బు వాళ్ల ఆఫీసు. ఎంజీకి ప్రాణం పోసిన సెసిల్ కింబర్ పేరు మీద దాన్ని కింబర్ హౌస్ అంటారు. దాని ముందు ఆపి ఫొటో తీసుకుంటుంటే మా ఆవిడ వీధి పేరు పలక చదివి నవ్వడం మొదలుపెట్టింది. సిమెట్రీ రోడ్డు.

"టాపు లేని బండిలో ఒక్కసారే వెళ్తారని మామయ్యగారు ఊరికే అనలేదండీ."

తిరుగు దారిలో వాన. ఇక్కడో విచిత్రం ఉంది. యాభై మైళ్ల వేగంతో పోతున్నంతసేపూ వాన అద్దం మీంచి ఎగిరి మన నెత్తి దాటి వెళ్లిపోతుంది. సిగ్నలు దగ్గర ఆగామా, కుండపోత. ఆ దారిలో సిగ్నళ్లు లెక్కపెట్టాను. పద్దెనిమిది. మధ్యలో ఎక్కడో మా ఆవిడ ఏదో అంది. గాలి హోరులో వినబడలేదు. ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ తల ఊపాను. మళ్లీ అంది. ఈసారి మాత్రం బండి పక్కకి తీసి, ఆపి, ఇంజిను కట్టేసి, వానలో కూర్చుని అడిగాను: "ఏమన్నావ్?"

ఆవిడ నావైపు అదోలా చూసింది. "ఏం లేదండీ. బావుందన్నాను."

ఇంటికొచ్చి కారు కింద పళ్లెం పెట్టాను. ఎ-సిరీస్ ఇంజిన్లో క్రాంకు షాఫ్టు వెనక కొనకి రబ్బరు సీలు ఉండదు. మర చుట్టులాంటి గాడి ఉంటుంది. తిరుగుతున్నంతసేపూ అది నూనెను లోపలికి లాక్కుంటుంది, ఆగాక ఒక్కో బొట్టే కారుతుంది. తప్పు కాదు, తయారీయే అంత. కారేదే కారు. ఆ రాత్రి భోజనాల దగ్గర కూర్చుంటే గ్యారేజీ తలుపు అవతలినుంచి వినబడింది: టప్. కాసేపటికి మళ్లీ టప్. కానీ రెండోది అటునుంచి కాదు. ఇటునుంచి. వంటింట్లోంచి.

"కొళాయి కారుతోందే!" అన్నాను, కొత్త దేశం కనిపెట్టినవాడిలా.

మా ఆవిడ అన్నం కలుపుతూ, "వినిపించిందా?" అంది. "మూడేళ్ల తొమ్మిది నెలలు పట్టింది. కారుకి పట్టినంతే."

సిగ్గుతో లేచి, గ్యారేజీకి వెళ్లి నా అంగుళాల పానాలన్నీ తెచ్చాను. ఒక్కటీ పట్టలేదు. ఆ కొళాయి ఈ కాలంది. దానికి కావాల్సింది మిల్లీమీటర్ల పానా. నేను నిలబడిపోయాను. ఆవిడ చెయ్యి కడుక్కుని, పోపుల పెట్టె వెనకనుంచి పాత గుడ్డమూట తీసి విప్పింది. 8 నుంచి 19 దాకా, ఒక్కటీ తగ్గకుండా.

"చారిటీ సంచీలోంచి తీసి దాచాను. ఎప్పటికైనా అడుగుతారని."

17 పానా చేతిలో పెట్టింది. పెడుతూ ఇంకేదో కూడా అంది. నాకు అప్పటికే గొంతు పూడుకుపోయింది, కళ్లు చెమర్చాయి, పానా కొళాయికి అతికినట్టు పట్టింది. ఆ సంబరంలో ఆవిడ మాటలో మొదటి ముక్క, 'ముందు', వినపడింది. 'కింద నీళ్లు కట్టెయ్యండి' అన్నది తరవాత తెలిసింది, సీలింగు దాకా లేచిన నీళ్లు నా నెత్తి మీద పడ్డాక.

టాపు లేని కారులో పద్దెనిమిది సిగ్నళ్లు తడిసొచ్చినవాడికి, ట్యాపు ఊడితే తడవడం ఒక లెక్కా?